ఆమడ దూరపు బాట

ఆదివారమునాటి ఉదయమున నాంపల్లి రైలు స్టేషనులో దిగి, ఆటోవారల పిలుపులను దాటుకొని, స్టేషను రోడ్డు వెంబడి ఆబిడ్స్ దిశగా నడచువానికి ఆ పేట తన వారపు వేషమును విప్పి ప్రక్కన బెట్టినట్లు తోచును. తక్కిన ఆరు దినములు కాలు మోపుటకు చోటీయని వీథులలో ఆనాడు పెక్కు అంగళ్లు మూసియుండును. మూసిన తలుపుల యెదుట, నడకబాటపై, పాత పుస్తకములమ్మువారు తమ సరకును పరచుకొని కూర్చుందురు. ఇంజనీరింగు పాఠ్యగ్రంథముల ప్రక్కన, అట్టలు చిరిగిన డిటెక్టివు నవలల క్రింద, ఎన్నడో ఎవరికో పెండ్లికానుకగా నీయబడిన నల్లఅట్ట తెలుగు బైబిలొకటి వెదకువాని చేతికి తగిలినను తగులవచ్చును. అదే వేళకు ఆ ప్రక్కసందులలో ఆ గ్రంథమునే చంకనిడుకొని తెల్లచీరల స్త్రీలును, ఇస్త్రీ మడతలు నలగని చొక్కాల పురుషులును, నూనె రాచి తల దువ్వించుకొన్న పిల్లలును నడచిపోవుచుందురు: చిరాగ్ అలీ లేను, చాపెల్ రోడ్డు పరిసరములందలి మెథడిస్టు మందిరమునకు కొందరు, కింగ్‌కోఠి దిక్కుననున్న సెయింట్ జార్జి చర్చికి కొందరు, గన్‌ఫౌండ్రీ యందలి సెయింట్ జోసఫ్ దేవాలయమునకు మరికొందరు.

ఈ నేల పలువురిది. ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీ ఖాన్ కొలువులో నుండిన ఆల్బర్ట్ ఆబిద్ అను ఆర్మేనియనుని అంగడి వలన ఆబిడ్స్‌కు ఆ పేరు వచ్చినది. ఫ్రెంచి సేనాని రేమండ్ ఫిరంగులు పోతపోయించిన కార్ఖానా వలన గన్‌ఫౌండ్రీకి పేరు కలిగినది. నాంపల్లి యూసుఫైన్ దర్గాకు హిందువులును ముస్లిములును మ్రొక్కుబడులతో వచ్చుచునేయుందురు. ఇన్ని భక్తి మార్గములు ఒకదాని నొకటి ఒరసికొని నడచు చోట, ఆ తెల్లచీరల స్త్రీలలో నొకరిని నిలిపి “అమ్మా, ఎందుకు పోవుచున్నావు?” అని అడిగినచో, “ప్రార్థనకు” అనును. మరికొంత అడిగినచో, “దేవుని ఎరిగినదానను గనుక” అనవచ్చును. ఇంకను తఱచి “ఎట్లు ఎరిగితివి?” అనినచో ఆమె శాస్త్రమును చెప్పదు, యోగమును చెప్పదు, ఒక మనుష్యుని పేరు చెప్పును. దేవుని ఎరుగుటకు ఒక మనుష్యుని ఎరుగుటయే దారి యగుట ఎట్లు? క్రైస్తవము గూర్చి తెలిసికొనగోరు ఇతరులకు మొట్టమొదట అడ్డుపడు గడప ఇదియే. ఆ మతము వారికి ఇంటి గడపయు ఇదియే.

దీనికి సమాధానముగా క్రైస్తవుల గ్రంథము తర్కమును గాక ఒక కథను చెప్పుచున్నది. లూకా సువార్త చివరి అధ్యాయమున నున్న ఆ కథ ఒక నడకను గూర్చినది. యేసు సిలువ వేయబడిన మూడవ దినమున ఆయన శిష్యులిద్దరు యెరూషలేము విడిచి ఎమ్మాయు అను గ్రామమునకు పోవుచుండిరి. ఆ దూరమును మన తెలుగు అనువాదకులు “ఆమడ” అనిరి. పల్లెటూరివాని కాళ్లకు తెలిసిన కొలత గనుక, ఆ ఒక్క మాటతో యూదయ దేశపు బాట గుంటూరు మండలపు పుంతవలె దగ్గరకు వచ్చినది. ఇద్దరును దిగులుతో మాటలాడుకొనుచుండగా ఒక బాటసారి వచ్చి కలిసెను. ఆయన యేసేయని వారు గుర్తింపలేదు. ఆయన వారి దుఃఖమును వినెను. పూర్వ ప్రవక్తల వ్రాతలను విప్పి చెప్పుచు వారితోకూడ నడచెను. ఊరు సమీపించినది, ప్రొద్దు వాలినది. చీకటిపడుచున్నది గనుక ఈ రాత్రికి మాతోనే యుండుమని వారు బలవంతపెట్టిరి. భోజనమునకు కూర్చుండి ఆయన రొట్టె విరిచి యిచ్చిన క్షణమున వారి కన్నులు తెరువబడెను, గుర్తించిరి. గుర్తించిన మరుక్షణమున ఆయన వారికి కనబడకపోయెను. ఆ రాత్రియే వారు లేచి, వచ్చిన ఆమడ దూరమును మరల నడచి, తక్కినవారికి చెప్పబోయిరి.

బాట, బల్ల, తిరుగుప్రయాణము. క్రైస్తవుడు దేవుని ఎరుగుట యను వ్యవహారమంతయు ఈ మూడు ఘట్టములలో నిమిడియున్నదనియు, నాంపల్లికిని గన్‌ఫౌండ్రీకిని నడుమనున్న కొలది వీథులలో ఈ మూడును నేటికిని జరుగుచున్నవనియు చెప్పుటకే ఈ వ్యాసము.

ఎరుక అను మాట

తెలుగున తెలియుట వేరు, ఎరుగుట వేరు. ఒక మనుష్యుని ఊరు, పేరు, కులము, జీతము, అప్పులు సమస్తమును మనకు తెలిసియుండవచ్చును. అయినను “ఆయనను నేనెరుగను” అందుము. ఎరుగుటకు ఎదుటబడవలెను, కొంతకాలము కలసి మెలగవలెను, ఆయనయు మనల నెరుగవలెను. అచల గురువులు, వేదాంతులు “ఎరుక” యను మాటను లోతైన యర్థములలో వాడిన మాట నిజమే కాని, బైబిలు అనువాదకులు దేవునిపట్ల ఈ ధాతువును ప్రయోగించినపుడు దానికి సంసారపక్షపు యర్థమే ప్రధానమైనది. దేవుని గూర్చి తెలిసికొనుట క్రైస్తవునికి గమ్యము కాదు. దేవుని ఎరుగుటయే నిత్యజీవమని యోహాను సువార్త భావము.

చిక్కు ఇక్కడనే పుట్టును. కనబడని దేవునితో కలసి మెలగుట ఎట్లు? ఈ ప్రశ్న యేసు శిష్యులకును కలిగినది. తండ్రిని మాకు చూపుము, అంతే చాలునని ఫిలిప్పు ఆయనను వేడుకొనగా, ఇంతకాలము నాతోనుండియు నన్నెరుగవా, నన్ను చూచినవాడు తండ్రిని చూచియున్నాడు గదాయని అర్థమిచ్చునట్లు యేసు బదులు చెప్పెను. ఈ సమాధానమును మెత్తగా తీసికొనుటకు వీలులేదు. ఋషియైనను, గురువైనను దేవుని దిక్కుగా వ్రేలు చూపును. ఇక్కడ చూపు వ్రేలే తనను చూడుమనుచున్నది.

క్రీస్తుశకము నాలుగైదు శతాబ్దులలో క్రైస్తవ పండితులు చేసిన ఘోరమైన వాదప్రతివాదములలో పెక్కు ఈ మాట చుట్టే తిరిగినవి. దేవుని కుమారుడైన యేసు సృష్టింపబడినవాడే కాని తండ్రితో సమానుడు కాడని అలెక్జాండ్రియా యందలి అరియసు బోధింపగా, 325వ సంవత్సరమున నైసియా నగరమున కూడిన మహాసభ ఆ బోధను త్రోసివైచినది. 451లో కల్సెదోను సభ, యేసు సంపూర్ణముగా దేవుడును సంపూర్ణముగా మనుష్యుడును అని నిర్ణయించినది. ఇది పండితుల పదక్రీడవలె దూరమునుండి కానవచ్చును. కాని లోపల నున్న తర్కము సామాన్యునిదే: యేసు దేవుడు కానిచో, ఆయనను ఎరుగుట దేవుని ఎరుగుట కానేరదు, ఎంత గొప్పవాడైనను మరియొక మధ్యవర్తియే యగును, యేసు మనుష్యుడు కానిచో, మనుష్యుడు మనుష్యుని ఎరుగునట్లు ఆయనను ఎరుగుటయే పొసగదు. రెండును నిలిచిననే గాని ఆ గడప దాటరాదు.

అవతారమను మాటకు అలవాటుపడిన తెలుగువానికి ఇది కొత్త కాదనిపించును. మన కేథలికులు మనుష్యావతారమనియే అందురు. ప్రొటస్టెంటులు వాక్యము శరీరధారి యాయెనందురు. అయినను భేదమున్నది. పురాణములందు భగవంతుడు యుగయుగమునకు వచ్చును, కార్యము తీర్చుకొని స్వస్థానమును చేరును. క్రైస్తవులు చెప్పు రాక ఒక్కటే. అది పొంతి పిలాతు అను రోమను అధికారి యేలుబడి నాటిది. వచ్చినవాడు ఆకలిగొనెను, అలసి పడవలో నిద్రించెను, స్నేహితుని సమాధియొద్ద ఏడ్చెను, నేరస్థునివలె చంపబడెను, చంపబడి లేచెను. లేచిన దేహముమీదను గాయములు అట్లేయుండెను.

ఇట్టివాని యందు కనబడు దేవుడు ఎట్టివాడు? ఇందుకు యేసు చెప్పిన తప్పిపోయిన కుమారుని కథ చాలును. తండ్రి బ్రదికియుండగనే ఆస్తి పంచుకొని దూరదేశము పోయి, దానిని దుర్వ్యయము చేసి, పందులను మేపుచు, పస్తులుండి, కడకు సిగ్గుతో ఇంటిదారి పట్టిన కొడుకును దూరమునుండియే చూచి, ఆ తండ్రి పరుగెత్తుకొనిపోయి కౌగిలించుకొనెను. పెద్దమనిషి వీథిలో పరుగెత్తుట మన పల్లెలలోను మర్యాద కాదు. కొడుకు గడపలోనికి వచ్చి కాళ్లమీద పడువరకు అరుగుమీద గంభీరముగా కూర్చుండుటయే తండ్రికి తగిన పని. మర్యాద చెడునని తలపక పరుగెత్తిన ఆ ముసలివానివంటివాడే దేవుడని యేసు కథలో చెప్పెను. కుష్ఠురోగిని చేతితో తాకినపుడు, శిష్యుల కాళ్లు కడిగినపుడు చేసి చూపెను. అందువలననే క్రైస్తవుడు దేవునికి పెట్టు పేర్లన్నింటిలో “తండ్రి” యనునది ముందు వచ్చును.

బాటలో వాక్యము

ఎమ్మాయు బాటలో ఆ అపరిచితుడు ముందుగా చేసిన పని మాటలాడుట. నేటి తెలుగు క్రైస్తవులు ప్రసంగించుటను “వాక్యము చెప్పుట” యనియు, వినుటను “వాక్యము వినుట” యనియు అందురు. యోహాను సువార్త మొదటి మాటలలో యేసే వాక్యమని చెప్పబడినది గనుక, ఆ ఒక్క పదమున వ్యక్తియు, గ్రంథమును, ప్రసంగమును మూడును పెనవైచికొనియున్నవి.

ఆ వాక్యము తెలుగున పలుకుటకు చాలకాలము పట్టినది. జర్మను మిషనరీ బెంజమిన్ షుల్జ్ మద్రాసున నుండి 1732 నాటికి బైబిలునంతటిని తెలుగు చేసెను గాని అది అచ్చునకు నోచుకొనలేదు. 1805లో విశాఖపట్టణమునకు వచ్చిన జార్జి క్రాన్, అగస్టస్ దె గ్రాంజ్ అను లండను మిషనరీలు, ఆనందరాయరు అను బ్రాహ్మణ క్రైస్తవుని తోడ్పాటుతో సువార్తల యనువాదము సాగించిరి. ఆ ఇద్దరు దొరలును కొలది యేండ్లలోనే మరణించిరి. వారి సువార్తలు శ్రీరామపురమున అచ్చయినవి. అంతకు ముందే, పదునెనిమిదవ శతాబ్దిలో, మంగళగిరి ఆనందకవి క్రీస్తు చరితమును “వేదాంత రసాయనము” అను పేర పద్యకావ్యముగా రచించియుండెను. క్రీస్తును చెప్పుటకు తెలుగుకవి “వేదాంత” మను మాట నెన్నుకొనుటలో ఔచిత్యము లేకపోలేదు: పరమార్థమును గూర్చి ఈ దేశము అడుగుచున్న ప్రశ్నకే ఇది సమాధానమని ఆతని తలంపు కాబోలును.

అచ్చుపుస్తకము చదువలేనివారికి వాక్యమును చేరవేసినది పాట. పురుషోత్తమ చౌదరి పందొమ్మిదవ శతాబ్దిలో రచించిన కీర్తనలు మొదలుకొని పలువురి రచనలు కూడిన “ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు” అను సంపుటము శాఖాభేదము లేక తెలుగు ప్రొటస్టెంటు ఇండ్లలో బైబిలు ప్రక్కన చోటు సంపాదించినది. ప్రతి కీర్తన తలమీద రాగతాళముల పేర్లుండును. పాశ్చాత్యపు బాణీలతో సమముగా దేశీయ రాగములు ఒకే ఆరాధనలో నడచుట తెలుగు చర్చిలో నిత్యానుభవము. సంతకము చేయజాలని ముసలమ్మ సైతము క్రీస్తు జననము మొదలు పునరుత్థానము వరకు పాటలలో అప్పగించగలదు.

ఆబిడ్స్ వీథులలో వాక్యము మొదట వినబడినది ఇంగ్లీషున. సెయింట్ జార్జి గ్రామర్ పాఠశాల 1834 నాటిది. సెయింట్ జార్జి చర్చి చరిత్ర 1844 నుండి మొదలగును. నిజాము రాజధానిలో బ్రిటిషు ఉద్యోగుల కొరకు ఆరంభమైన ఆ ఆరాధన క్రమముగా ఈ నేలవారి దయ్యెను. 1895లో మెథడిస్టు మిషను వారు స్థాపించిన స్టాన్లీ బాలికల పాఠశాల చాపెల్ రోడ్డున నేటికిని ఉన్నది. అక్షరము నేర్చుకొనుటకు వచ్చిన తరతరముల బాలికలలో అన్ని మతములవారును కలరు.

వాక్యము వినుటలో తెలుగు ప్రొటస్టెంటుల కత్యంత ప్రియమైన దినము శుభ శుక్రవారము. పగలు పండ్రెండు గంటలనుండి మూడు గంటలవరకు, యేసు సిలువపై పలికిన ఏడు మాటలను ఏడు ప్రసంగములుగా విభజించి, ఒక్కొక్కరు ఒక్కొక్క మాటను విప్పి చెప్పుదురు. ఎండ మండుచుండును, పంఖాలు తిరుగుచుండును, జనము కదలదు. వాటిలో ఒక మాట, దేవుడు తన్నేల విడిచెనని యేసే మొరపెట్టిన మాట. దేవుని చూపవచ్చినవాడు దేవుని కానక అలమటించిన ఆ క్షణమును దాచిపెట్టక ఏటేట బహిరంగముగా ధ్యానించుట ఈ మతమునందలి విశేషము. అప్పులపాలైనవాడును, బిడ్డను పోగొట్టుకొన్నదియు ఆ మాటయొద్దనే తల వంచుదురు; తమవలె అడిగినవాడు అక్కడ నున్నాడు.

గ్రంథము చేత నున్నంత మాత్రమున ఎరుక కలుగదనుటకు హైదరాబాదు క్రైస్తవులు తఱచు చెప్పుకొను నిదర్శనము భక్త సింగ్ గారిది. 1903లో పంజాబున సిక్కు కుటుంబమున పుట్టిన ఆయన, బాల్యమున చేతికి వచ్చిన బైబిలు పుటలను చింపివైచి, అందమైన తోలు అట్టను మాత్రము దాచుకొనెనని తానే సాక్ష్యము చెప్పెడివాడు. ఇంజనీరింగు చదువుటకై ఇంగ్లండునకును పిదప కెనడాకును పోయి, 1929లో అక్కడ ఒక మిత్రుని నడిగి కొత్త నిబంధన చదువనారంభించి, ఆ పుటలలో తనతో మాటలాడువాడొకడు కలడని కనుగొనెను. దేశమునకు మరలివచ్చి ఊరూర బోధించి, హైదరాబాదు గోల్కొండ చౌరస్తాయొద్ద “హెబ్రోను” అను సహవాసమును నెలకొల్పి, 2000 సంవత్సరము సెప్టెంబరులో ఈ నగరముననే కన్నుమూసెను. ఒకనాడు తోలు అట్టను ఉంచుకొని పుటలను పారవైచిన చేయి, డెబ్బది సంవత్సరములు ఆ పుటలనే తిరుగవేసినది.

బల్లయొద్ద రొట్టె

ఎమ్మాయు శిష్యులకు బాట పొడుగున హృదయములు మండినవి గాని కన్నులు తెరువబడలేదు. మాటలతో తెలియవలసినదంతయు తెలిసిన పిదప, గుర్తింపు కలిగినది రొట్టె విరుచుటయందు. ఇది గ్రహించిననే గాని గన్‌ఫౌండ్రీ గోపురముల క్రింద జరుగు కార్యము బోధపడదు.

సెయింట్ జోసఫ్ దేవాలయమునకు 1870లో శంకుస్థాపన జరిగినది; ఇటలీ దేశపు మిలాను నగర మిషనరీల ఆధ్వర్యమున అది లేచి, 1875 క్రిస్మస్ నాడు ఆరాధనకు తెరువబడినది. అక్కడ దివ్యపూజయందు గురువు రొట్టెను, ద్రాక్షారసమును ఎత్తి ప్రార్థించినపుడు అవి క్రీస్తు శరీర రక్తములుగా మారునని కేథలికుల విశ్వాసము, దానినే సత్ప్రసాదమందురు. చెవి వినినదానిని నాలుక రుచిచూచును. మెథడిస్టులు, దక్షిణ ఇండియా సంఘమువారు “ప్రభువు బల్ల” యనియు, “సంస్కార” మనియు అందురు. రొట్టె రొట్టెగానే యుండినను అందు క్రీస్తు సాన్నిధ్యము విశ్వాసికి నిజముగా లభించునందురు. భక్త సింగ్ గారి సహవాసములలో ప్రతి ఆదివారమును రొట్టె విరిచి, తరువాత అందరును ఒక్క పంక్తిన కూర్చుండి భుజింతురు, దానిని ప్రేమవిందందురు. వివరణలు వేరైనను ఒప్పుకొను విషయమొక్కటి: దేవుని ఎరుగుట చెవితోను బుద్ధితోను ముగియునది కాదు, కుడువవలసినది, పంచుకొనవలసినది.

కలసి కుడుచుట యను మాట పందొమ్మిదవ శతాబ్దపు తెలుగుదేశమున ఎంత బరువైనదో నేడు ఊహించుట కష్టము. ఎవరి బావి వారిది, ఎవరి పంక్తి వారిది యని గిరులు గీసిన సమాజమున, ఒకే గిన్నె నోటికానించు బల్లయొకటి వెలసినది. ఒంగోలు ప్రాంతమున తోలువ్యాపారము చేసికొను మాదిగ కులస్థుడు యర్రగుంట్ల పేరయ్య క్రీస్తును గూర్చి వినక పూర్వమే దైవమును వెదకుచు, గురువు నాశ్రయించి యోగసాధన చేసినవాడు. తాను వెదకుచున్నవాడే తన్ను వెదకివచ్చెనను భావము ఆతనికి క్రీస్తు కథ వినగనే కలిగెను. 1866లో భార్యతోకూడ బాప్తిస్మము పొంది, తన వృత్తి మీద తిరుగు ఊళ్లన్నింట ఆ కథనే చెప్పుచు పోయెను. పండ్రెండేండ్లకు, గొప్ప కరవు వెనుక, 1878 జూలై 3వ తేదీన గుండ్లకమ్మ యేటియొడ్డున 2,222 మంది ఒక్కనాడే బాప్తిస్మము పొందిరి. కరవునాటి కూలిడబ్బులకై వచ్చిరని విమర్శించినవారున్నారు. అచ్చటి మిషనరీ క్లౌ దొర కరవు పనులు నడచినంతకాలము బాప్తిస్మము లీయక నిలిపియుంచెననుటయు చరిత్రయే. ఆ జనులకు కొత్తగా తోచినది బహుశః సిద్ధాంతము కాదు. దేవుడు తమ వాడకు వచ్చి, తమ పంక్తిన కూర్చుండి, తమ చేతి రొట్టె నందుకొనునను మాట వారెన్నడును వినియుండలేదు.

అయితే చర్చి గడప దాటినంతనే కులము నశించినదని చెప్పుట సత్యము కాదు. పెండ్లిసంబంధములలోను, సంఘ పెద్దరికములలోను అది నేటికిని తలయెత్తుచునేయున్నది. బల్లయొద్ద కూర్చుండియు ఎదుటివానిని గుర్తింపనివాడు ఆ బల్లకు యజమానునిని మాత్రము గుర్తించుట ఎట్లని క్రైస్తవులలోనే ఆలోచనాపరులు అడుగుచునేయున్నారు.

తిరుగు ప్రయాణము

కన్నులు తెరువబడిన శిష్యులు అచ్చటనే కూర్చుండి ఆ యనుభవమును నెమరువేసికొనలేదు. లేచి వెనుకకు నడచిరి. క్రైస్తవుల వాడుకలో దీని పేరు సాక్ష్యము. కూడికలలో ఎవరో లేచి, త్రాగుడు మానినదియో, రోగమునుండి లేచినదియో, చావుదలంపు విడిచినదియో చెప్పి కూర్చుందురు. వినుటకు కొన్ని ఒకే మూసలో పోసినట్లుండును. అయినను వాని వెనుక నొక సూత్రమున్నది: సాక్షి కానివాడు క్రీస్తును గూర్చి చెప్పినది వినికిడి మాత్రమే.

ఈ సూత్రమును తత్త్వపు మెట్టు కెక్కించినవాడు నెల్లూరున 1886లో పుట్టిన న్యాయవాది పండిపెద్ది చెంచయ్య. పాశ్చాత్యుల సిద్ధాంతములు, సంస్థలు, ఆచారములు మనకును క్రీస్తునకును మధ్య తెరలు కాకూడదని ఆయన వాదము. క్రీస్తు యందు ఒక నూతన సృష్టి ఆరంభమైనదనియు, దానిని ప్రత్యక్షముగా అనుభవించుటయే భారతీయ క్రైస్తవుని పని యనియు ఆయన బోధించెను. అనుభవమునకు పెద్దపీట వేయుటలో ఆయన తన దేశపు గురుపరంపరకు వారసుడే.

సాక్ష్యము చర్చిగోడలలోపలనే నిలిచిపోలేదు. గుఱ్ఱం జాషువ “క్రీస్తు చరిత్ర” కావ్యమునకు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానము వచ్చినది. అంటరానితనపు పోటు తిన్న కవి, త్రోసివేయబడినవాని చరిత్రను పద్యమున పాడిన కావ్యమది. 1978లో విజయచందర్ క్రీస్తుగా నటించిన “కరుణామయుడు” చిత్రము థియేటరులలోనే గాక పల్లెలలో తెరలు కట్టి ప్రదర్శింపబడినది. క్రీస్తును తలచుకొనగనే ఆ నటుని ముఖమే మనస్సున మెదలువారు అన్ని మతములలోను కలరు. దేవుని ముఖము చూడవలెనను ఫిలిప్పు కోరిక మనుష్యులను ఎంతగా వెన్నాడునో దీనిని బట్టి తెలియును.

మాటకంటె కఠినమైన సాక్ష్యమొకటి గలదు. ఆకలిగొన్నవానికి పెట్టిన అన్నము తనకే పెట్టినదని యేసు చెప్పెను. కన్నులయెదుటి సహోదరుని ప్రేమింపనివాడు కంటికి కానరాని దేవుని ప్రేమింపజాలడని యోహాను పత్రిక శాసించుచున్నది. కనుక ఆదివారపు ఎరుకకు పరీక్ష సోమవారమున, ఆబిడ్స్ అంగళ్లు తెరచిన పిమ్మట, బేరములలోను జీతములలోను జరుగవలసియున్నది.

గన్‌ఫౌండ్రీ దేవాలయమును విడుచుటకు ముందు చూడదగిన శిల్పమొకటి యున్నది. మైకెలాంజెలో చెక్కిన “పియెతా” కు అది ప్రతిరూపము. ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ 1953లో దానిని ఈ దేవాలయమునకు కానుక చేసెను. సిలువనుండి దింపిన కుమారుని దేహము తల్లి యొడిలో వ్రాలియున్నది. ఇస్లాము ఈసాను ప్రవక్తగా, మర్యమును పవిత్రురాలిగా గౌరవించును. ఈసా దేవుని కుమారుడనుటను, సిలువమీద మరణించెననుటను మాత్రము అంగీకరింపదు. అయినను ఆ మరణమునే చూపు శిల్పమును ఒక ముస్లిము ప్రభువు కానుకగా నిచ్చెను. ఆయన యుద్దేశమేమో గాని, బిడ్డను కోల్పోయిన తల్లిని ఎరుగుటకు ఏ మతపు అనుమతియు అక్కరలేదు. క్రైస్తవునికి మాత్రము ఆ శిల్పము మరియొక మాట చెప్పును: దేవుడెట్టివాడో తెలియుటకు ఆకాశమువైపు కాదు, ఆ తల్లి యొడివైపు చూడవలెను. గొప్పతనమును బట్టి దేవుని గుర్తించుట ఎల్లరకును సులభము. ఈ వాలిన చేతిని బట్టి గుర్తించుటయే ఆయనను ఎరిగినవానికి గుర్తు.

పూజ ముగిసి జనము మెట్లు దిగుచుందురు. కొందరు బస్సులకై నిలుతురు, కొందరు నాంపల్లి స్టేషను దారి పట్టుదురు, ఒకరిద్దరు పాత పుస్తకములయొద్ద వంగి చూతురు. ఎమ్మాయు కథలో మనము తొందరపాటున దాటిపోవు విషయమొకటి గలదు. చీకటిపడుచున్నది గనుక ఇక ప్రయాణము తగదని ఆ బాటసారిని ఆపినవారు ఆ శిష్యులే. ఆయనను గుర్తించిన పిమ్మట చీకటి మరింత ముదిరియుండును గాని తగ్గియుండదు. అయినను వారు దీపము నడిగిరని గాని, తెల్లవారువరకు వేచిరని గాని లూకా వ్రాయలేదు. ఆ చీకటిలోనే ఆమడ దూరము నడచిరి.